పంకజాక్షి పెట్టిన మందు

నన్ను అనుమానపు మనిషి అంటారు. అననీలెండి, నాకేం కొత్త కాదు. పాలామె చెంబులో వేలు ముంచి చూడకుండా నేను ఏనాడూ పాలు పోయించుకోలేదు. మా ఆయన వరదయ్యకు తిరుపతిలో ఇత్తడి సామాన్ల అంగడి ఉండేది. అంగడి కట్టేసి ఆయన అరగంట ఆలస్యంగా ఇంటికొస్తే, ఎందుకైందో తేలేదాకా నేను అన్నం వడ్డించేదాన్ని కాను. "చంద్రకాంతా, నువ్వు పోలీసోళ్లింట్లో పుట్టాల్సిన దానివి. దోవ తప్పి మీ నాయనింట్లో పుట్టినావు" అని ఆయన ఎగతాళి చేసేవాడు. అనుమానం లేని ఆడది ఇల్లు నిలబెట్టలేదని అప్పట్లో నా గట్టి నమ్మకం. ఆ నమ్మకంతోనే నా తమ్ముణ్ణి చావు దగ్గరికి తీసుకుపోయాను. ఇప్పుడు చెప్పబోయేది ఆ సంగతే.

తమ్ముడు ఆదిమూలం. వాడికి రెండేళ్లప్పుడు మా అమ్మ పోయింది. అప్పుడు నాకు పద్నాలుగు. నాయన పొద్దస్తమానం చెరుకు తోటలోనే ఉండేవాడు కాబట్టి వాణ్ణి చంకనేసుకుని తిరిగింది, నీళ్లు పోసింది, జోకొట్టింది నేనే. పెళ్లయి తిరుపతి వచ్చేటప్పుడు కూడా వాణ్ణి వెంటబెట్టుకునే వచ్చాను. ఇంతవాడై చిత్తూరులో బెల్లం మండీ పెట్టాడు. పెళ్లిచూపులకు నేనే నాలుగూళ్లు తిరిగాను గానీ, వాడు మాత్రం గూడూరులో నిమ్మకాయల వ్యాపారం చేసే వాళ్ల పిల్లను చూసి, ఆ పిల్లే కావాలన్నాడు. ఆమే పంకజాక్షి.

ఆ పిల్ల మాట్లాడదు. అడిగితే ఒక మాట, లేకపోతే అదీ లేదు. వడబోసినట్టు మాట్లాడే మనిషిని నేను నమ్మను. పైకి రాని మాట లోపల ఎక్కడో ఉంటుంది కదా? పెళ్లయ్యాక తమ్ముడు నా దగ్గరికి రావడం తగ్గించాడు. వచ్చినా రాత్రి ఉండకుండా ఆఖరి బస్సుకు చిత్తూరు వెళ్లిపోయేవాడు. "కొత్త పెండ్లాం కదా, పోనీ" అని మా ఆయన అన్నాడు. ఆరేళ్లయినా కొత్త పెళ్లామేనా?

ఆ ఆరేళ్లూ వాడికి కడుపునొప్పి. బొడ్డుకు ఎడమ పక్కన పట్టుకునేది. అన్నం తిన్న గంటకు మెలిపెట్టి, వాంతి వచ్చి, మనిషి ముడుచుకుపోయేవాడు. గంటకో రెండు గంటలకో చేత్తో తీసేసినట్టు పోయేది. మళ్లీ నెలకో, పదిహేను దినాలకో వచ్చేది. చిత్తూరులో ఒక డాక్టరు సున్నపు నీళ్లలాంటి తెల్లటి మందు తాగించి ఎక్స్‌రేలు తీశాడు. పుండు లేదు, రాయి లేదు, అంతా బాగుందన్నాడు. బాగుంటే మనిషి ఎందుకు అట్లా గిలగిల్లాడతాడు? చిన్నప్పుడు కూడా అప్పుడప్పుడు కడుపు పట్టుకుని ఏడ్చేవాడన్న మాట నిజమే. కానీ ఏ పిల్లవాడు ఏడవడు? ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి పొయ్యిలో వేస్తే కాసేపటికి ఆటకు పోయేవాడు. అది వేరు, ఇది వేరు అని నాకు నేనే తీర్మానం చేసుకున్నాను.

డాక్టరుకు దొరకని నొప్పికి మా వైపు ఒక పేరుంది. మందు పెట్టినారు అంటారు. మొగుడు తన మాట దాటకుండా ఉండాలని ఆడది అన్నంలో ఏదో కలిపి పెడుతుంది, అది అరగక కడుపులో ఒక మూల కూర్చుని మనిషిని తింటుంది. ఇది నేను పుట్టించిన మాట కాదు. మా అవ్వ చెప్పింది, ఆమెకు వాళ్ల అవ్వ చెప్పింది.

నేను ఊరికే అనుమానపడలేదు, సాక్ష్యాలు చూసుకునే పడ్డాను. శనివారం వాడు ఒక్కపొద్దు, రెండు అరటిపళ్లూ గ్లాసు పాలూ తప్ప ఏమీ ముట్టడు. ఆ ఆరేళ్లలో ఒక్క శనివారం నొప్పి రాలేదు! మండీలో పని ఎక్కువై హోటల్లో నాలుగు ఇడ్లీలు తిని పడుకున్న దినాల్లో రాలేదు. పెళ్లాం వండి, దగ్గర కూర్చుని కడుపునిండా పెట్టిన దినమే వస్తుంది. ఇంతకంటే ఏం కావాలి?

ఇంకొకటి నా కళ్లతో చూశాను. ఒకసారి నేను చిత్తూరు వెళ్లినప్పుడు వాడు పప్పన్నం తింటూ మూడోసారి అడిగాడు. పంకజాక్షి తపేలా పక్కకు లాగేసి, "చాలు. ఇంకా తింటే ఈపొద్దు నొప్పి వస్తాది" అంది. నాకు ఒళ్లు మండింది. "తినే మనిషిని అట్లంటారా?" అని తపేలా లాక్కుని నేనే వడ్డించాను. గంట తిరగకుండా నొప్పి వచ్చేసింది! ఆమె వాణ్ణి బోర్లా తిప్పి, మోకాళ్లు కడుపులోకి ముడిపించి, ఎడమ పక్క మెల్లగా రాస్తూ కూర్చుంది. అరగంటకు లోపల గడగడమని చప్పుడైంది, నొప్పి పోయింది. ఎప్పుడొస్తుందో తనకు తెలుసు, ఎట్లా పోతుందో తనకు తెలుసు. పెట్టినవాళ్లకు కాక ఇంకెవరికి తెలుస్తుంది?

కాణిపాకం దాటి రెండు మైళ్లు పోతే ఒక పల్లెలో గురవమ్మ అని ఉండేది. మందు తీస్తుందని చుట్టూ ఏడూళ్లకు పేరు. వినాయకుడి దర్శనమని చెప్పి తమ్ముణ్ణి అక్కడికి తీసుకుపోయాను. గురవమ్మ వాడి కడుపు నొక్కి చూసి, "ఉండాది. ఎడం పక్కన కూసోనుండాది" అంది. నేను చెప్పకుండానే ఎడమ పక్క అంది చూశారా! ఏదో పసరు తాగించి, వీపు మీద చరిచి, కడుపు పిసికి కక్కించింది. కక్కిన దాంట్లో చెయ్యి పెట్టి, వేపకాయంత నల్లటి ఉండ తీసి, విప్పి చూపించింది. లోపల వెంట్రుకలు.

తమ్ముడు ఆ ఉండను చూశాడు. వాడి ముఖం పాలిపోయింది. నాకు మాత్రం, ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, పండగలా అనిపించింది.

మర్నాడు చిత్తూరులో పంకజాక్షి ముందు ఆ ఉండ పెట్టి నిలదీశాను. ఆమె దాన్నీ చూసింది, నన్నూ చూసింది. "నేనేమీ పెట్టలేదు వదినా" అంది, అంతే.

"అయితే కాణిపాకంలో ప్రమాణం చేస్తావా?"

"చేస్తాను."

మా వైపు కాణిపాకం వినాయకుడి ముందు అబద్ధపు ప్రమాణం చేయడానికి దొంగలు కూడా జంకుతారు. ఈమె తలస్నానం చేసి, తడి చీరతో నిలబడి, తొణక్కుండా బెణక్కుండా ప్రమాణం చేసి వచ్చేసింది. నా అనుమానం పోయిందనుకున్నారా? దేవుడికి కూడా భయపడని మనిషి అనుకున్నాను. చేయకపోతే దొంగ, చేస్తే గజదొంగ. అనుమానం పెనుభూతం అని ఊరికే అన్నారా పెద్దలు!

చివరికి నేనే ఒక పరీక్ష పెట్టాను. "పది దినాలు వీడు నా ఇంట్లో నా చేతి కూడు తింటాడు. నువ్వు గూడూరు పో. ఈ పది దినాల్లో నొప్పి వచ్చిందా, నాది తప్పని నీ కాళ్లు పట్టుకుంటా. రాలేదా, నువ్వు మళ్లీ ఈ గడప తొక్కొద్దు, గూడూర్లోనే ఉండిపో" అన్నాను. తమ్ముడు తల వంచుకుని కూర్చున్నాడు. ఆ వెంట్రుకల ఉండ వాడి నోరు కట్టేసింది.

పంకజాక్షి పెట్టె సర్దుకుని వెళ్లేటప్పుడు నా దగ్గరికి వచ్చింది. "వదినా, ఒక్క మాట. ఒకేసారి ఎక్కువ పెట్టొద్దండి. కడుపు నిండితేనే వస్తా ఉంది. వస్తే బోర్లా పడుకోబెట్టి మోకాళ్లు ముడిపించండి" అంది.

"నా తమ్ముడికి ఎంత పెట్టాల్నో నువ్వు చెప్పాల్నా?" అన్నాను. ఆమె బస్సెక్కింది.

మందు తీశాక మూడు దినాలు పథ్యం. ఉప్పు లేని గంజి, పూటకు ఒక గ్లాసు. మూడు దినాలూ తమ్ముడు సుఖంగా ఉన్నాడు. నాలుగో దినం, ఐదో దినం మజ్జిగన్నం పెట్టాను, కొంచెమే. నొప్పి లేదు. ఆరో దినం శనివారం. వీధిలో కనపడిన వాళ్లందరికీ చెప్పాను, చూసినారా, ఆరు దినాలు, ఒక్కసారి కూడా రాలేదు అని. మా ఆయన మాత్రం "గంజి తాగినోడికి నొప్పేం వస్తాది, నీరసం వస్తాది" అన్నాడు. ఆయన మాట ఎవరు విన్నారు?

ఏడో దినం ఆదివారం. పంకజాక్షి అన్న మాట నా చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది. కడుపు నిండితే వస్తుందట! నిండా పెట్టి చూపిస్తాను అనుకున్నాను. తెల్లవారే నాటుకోడి కోయించి పులుసు పెట్టాను. రాగిసంగటి కెలికాను. పది గంటలకల్లా వాణ్ణి పీట మీద కూర్చోబెట్టి, పిల్లవాడి తలంత ముద్ద వేసి, నడుమ గుంట చేసి నెయ్యి పోశాను. ఆరు దినాల ఆకలి మీద ఉన్నాడేమో, ఆవురావురుమని తిన్నాడు. "చాలక్కా" అంటే వినకుండా రెండో ముద్ద వేశాను. "నా మీద ఒట్టు" అని ఇంకో సగం కూడా వేశాను. వాడు తింటుంటే నా కడుపు నిండింది.

పన్నెండుకు ముందే మొదలైంది. ముందు మంచం మీద అటూ ఇటూ దొర్లాడు. తర్వాత కక్కాడు. తర్వాత అరిచాడు. అట్లాంటి అరుపు నేను అంతకుముందు వినలేదు. బోర్లా పడుకోబెట్టమని ఆమె చెప్పింది గుర్తొచ్చింది. గుర్తొచ్చినా చేయలేదు. ఆమె చెప్పింది చేస్తే, ఆమె చెప్పింది నిజమని ఒప్పుకున్నట్టే కదా? అంత మొండిదాన్ని. మా ఆయన జట్కా పిలిపించి ఆసుపత్రికి తీసుకుపోయేటప్పటికి ఒంటిగంట అయింది.

ఆసుపత్రిలో కుర్ర డాక్టరు ఏమైందని అడిగాడు. నోరు ఊరుకుంటే కదా? "మందు పెట్టినారు సార్. నా తమ్ముడి పెండ్లాం పెట్టింది. కొంచెం తీయించినాం, ఇంకా లోపల ఉండాది" అన్నాను. అతను రాస్తున్న కలం ఆపాడు. "విషమా?" అన్నాడు. విషం కాదు, మందు అని నేను వివరించబోయాను గానీ అతను అప్పటికే నర్సును కేకేశాడు. ముక్కులోంచి గొట్టం వేసి కడుపు కడిగారు. విషమని అనుమానం ఉంటే పోలీసులకు చెప్పాలట. చెప్పారు.

రెండు గంటలకు పెద్ద డాక్టరు వచ్చాడు. కృష్ణమూర్తి అని, ఆపరేషన్లు చేసే ఆయన. మనిషి నెమ్మది. తమ్ముడి కడుపు మీద చెయ్యి పెట్టి చాలాసేపు చూశాడు. "కడుపు ఉబ్బలేదు, గట్టిపడలేదు. కానీ నొప్పి చూస్తే ఇంత ఉంది" అని తనలో తను అనుకున్నాడు. పడుకోబెట్టి ఎక్స్‌రే తీయిస్తే అందులో ఏమీ తేల్లేదు. అప్పుడు నా వైపు తిరిగాడు.

"మీరే పెంచారంటున్నారు కదమ్మా. ఈ నొప్పి ఇతనికి చిన్నప్పుడు కూడా వచ్చేదా? బాగా ఆలోచించి చెప్పండి. నాకు చాలా అవసరం."

ఔనంటే ఏమవుతుంది? పంకజాక్షి రాకముందు నుంచే ఉందని తేలుతుంది. వీధి వీధంతా చెప్పుకున్న మాట, గురవమ్మ తీసిన ఉండ, కాణిపాకం ప్రమాణం, నేను పెట్టిన పరీక్ష అన్నీ నా నెత్తి మీదే పడతాయి. ఆ పిల్ల ముందు నేను తల దించాలి. మా నాయనా, పెద్దవాళ్లూ అందరూ పోయాక, వాడి చిన్నతనం తెలిసిన మనిషి ఈ భూమ్మీద నేనొక్కదాన్నే.

"లేద్సార్. పెండ్లయినాకే వచ్చింది" అన్నాను.

ఆయన కాగితం మీద రాసుకున్నాడు. కాసేపు చూద్దాం, విషం సంగతి తేలనీ అని సెలైను పెట్టించి పక్క వార్డుకు వెళ్లాడు.

మూడు గంటలకు కానిస్టేబులు వచ్చాడు. పేరు గోవిందస్వామి. వరండాలో బెంచీ మీద కూర్చుని నోటు పుస్తకం తెరిచాడు.

"పొద్దున కూడు వండిందెవురుమా?"

"నేనే."

"పెట్టిందెవురు?"

"నేనే."

"ఆయప్ప పెండ్లాం యాడ ఉండాది?"

"గూడూర్లో. వారమైంది పోయి."

అతను పెన్సిలు చెవి వెనక దోపుకుని నన్ను ఎగాదిగా చూశాడు. "ఆయమ్మ గూడూర్లో ఉండె. వండింది నువ్వు, పెట్టింది నువ్వు. ఇంక మందు పెట్టిందెవురో నువ్వే చెప్పు" అన్నాడు. మా ఆయన ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఆరేళ్లు నేను ఒక మనిషిని ఏ చూపు చూశానో, ఆ చూపు నా మీద పడేసరికి ఒళ్లంతా తేళ్లు పాకినట్టు అయింది. అప్పుడు కూడా నా బుద్ధి ఎటు పోయిందో తెలుసా? ఇదంతా ముందే తెలిసే ఆ గూడూరు మనిషి ఊరు వెళ్లిందేమో, నన్ను ఇరికించడానికే వెళ్లిందేమో అనుకున్నాను! పంకజాక్షికి ఫోను చేయమని నేను చెప్పలేదు. మా ఆయనే నాకు తెలియకుండా గూడూరు నిమ్మకాయల మండీకి ట్రంకాల్ చేశాడు.

సాయంత్రం ఆరు కాకముందే ఆమె వచ్చేసింది. వాళ్ల నాయన లారీలోనే వచ్చినట్టుంది, చీర నిండా దుమ్ము. నన్ను పలకరించలేదు, తిట్టలేదు. నేరుగా మంచం దగ్గరికి పోయి మొగుడి కడుపు మీద చెయ్యి వేసింది. ఎడమ పక్క వేళ్లు ఆపి, "ఇక్కడే ఉండాది. ఈసారి జారలేదు" అంది. చరచరా పోయి డాక్టరును పిలుచుకొచ్చింది.

"ఆరేళ్లుగా చూస్తా ఉండాను సార్. ఎక్కువ తింటేనే వస్తాది. వచ్చినప్పుడు ఈడ గడ్డ మాదిరి తగులుతాది. బోర్లా తిప్పి మోకాళ్లు ముడిపిస్తే గడగడమని జారిపోతాది, నొప్పీ పోతాది. పోయినాక ఎన్ని ఫొటోలు తీసినా ఏమీ కనపడదు" అంది. అన్ని మాటలు ఆమె ఒక్కసారిగా మాట్లాడగా నేను వినడం అదే మొదలు.

డాక్టరు కళ్లు పెద్దవయ్యాయి. "ఆరేళ్లేనా? అంతకుముందు?"

"ముందు సంగతి నాకు తెలీదు సార్. వదినకే తెలియాల."

ఇద్దరూ నా వైపు చూశారు. సరిగ్గా అప్పుడే మంచం మీద తమ్ముడు కదిలాడు. అరుపు ఎప్పుడో ఆగిపోయింది, గొంతులో ఓపిక లేదు. సెలైను గొట్టంతోనే మెల్లగా బోర్లా తిరగబోతున్నాడు. తిరిగి, మోకాళ్లు కడుపులోకి లాక్కుని, చెంప పరుపుకు ఆనించి "అక్కా" అన్నాడు. నాలుగేళ్లప్పుడు పెళ్లిళ్లలో బూరెలు తినివచ్చి నా ఒడిలో అచ్చం అట్లాగే పడుకునేవాడు. అట్లాగే ముడుచుకుని, అక్కా అక్కా అని ఏడ్చేవాడు. పొయ్యిలో ఉప్పు చిటపటమనేలోపు నిద్రపోయేవాడు.

"వచ్చేది సార్!" అని అరిచేశాను. "నాలుగేండ్ల పిల్లోడప్పటి నుంచీ వచ్చేది. పెండ్లిలో గానీ తద్దినంలో గానీ కడుపునిండా తింటే వచ్చేది. ఇట్లనే పడుకుంటా ఉండె. నాకు తెలుసు సార్. నాకు బాగా తెలుసు."

"మధ్యాహ్నం అడిగితే లేదన్నారే!" ఆ నెమ్మది మనిషి గొంతు అప్పుడు లేచింది. నా జవాబు కోసం ఆయన ఆగలేదు. తమ్ముణ్ణి ఇద్దరు పట్టుకుని నిలబెడితే ఇంకో ఎక్స్‌రే తీశారు. ఆ ఫిల్ము వెలుతురుకు పట్టి చూసి, "పేగులన్నీ ఒక పక్క మూటగట్టినట్టు ఉన్నాయి. కడుపు తెరవాలి, ఇప్పుడే" అన్నాడు. సంతకం పెట్టమని కాగితం తెచ్చారు. నా చెయ్యి ముందుకు పోయింది గానీ, నర్సు దాన్ని పంకజాక్షికి ఇచ్చింది.

రెండు గంటలు పట్టింది. పంకజాక్షి గోడకు ఆనుకుని నిలబడింది. నేను బెంచీ ఈ కొసన కూర్చున్నాను. నా తమ్ముడు పోతే చంపింది నేనే. ఆ మాట ఎవరూ అనకుండానే నాకు వినబడుతూ ఉంది.

డాక్టరు బయటికి వచ్చి ముఖం తుడుచుకున్నాడు. "ప్రాణానికి భయం లేదు" అని ముందు ఆ మాట చెప్పి, తర్వాత మా ముగ్గురినీ నిలబెట్టి వివరించాడు. బిడ్డ తల్లి కడుపులో ఉన్నప్పుడు పేగు తిరిగి వచ్చి దాని చోట సర్దుకుంటుందట. అక్కడ ఒక పొర అతుక్కోవాలి. అది అతుక్కోకపోతే లోపల ఒక జేబు లాంటిది మిగిలిపోతుంది. సన్నపేగు అప్పుడప్పుడు ఆ జేబులో దూరుతుంది, మళ్లీ బయటికి జారుతుంది. బయటికి జారినప్పుడు ఏ ఎక్స్‌రేకూ దొరకదు. "తొడ దగ్గర వచ్చే గిలక మీకు తెలుసు కదా, హెర్నియా. ఇదీ అదే జాతి, కాకపోతే లోపలే ఉంటుంది. చాలా అరుదు. ఇన్నేళ్లలో నేను చూడటం ఇది రెండోసారి" అన్నాడు. ఈసారి లోపల దూరిన పేగు నిండిపోయి బయటికి రాలేక, మెలిపడి నల్లబడిందట. నల్లబడిన మూరెడు పేగు కోసేసి, మంచి కొసలు రెండూ కలిపి కుట్టాడు. జేబు మూతి అంచులోనే పెద్ద రక్తనాళం పోతుందట, దాన్ని తెగనీయకుండా మూతి మూయడానికే ఎక్కువసేపు పట్టిందన్నాడు.

"అయితే ఆ గురవమ్మ తీసిన వెంట్రుకల ఉండ?" అని మా ఆయన అడిగాడు.

"ఆమె వేళ్ల సందులో ఉండింటుంది. ఇతని కడుపులో ఎవరూ ఏమీ పెట్టలేదు. పుట్టుకతోనే ఉంది" అన్నాడు డాక్టరు. తర్వాత నా వైపు చూసి గొంతు తగ్గించాడు. "మధ్యాహ్నమే ఆ ఒక్క మాట చెప్పి ఉంటే, పేగు కోసే పని ఉండేది కాదేమోనమ్మా."

పంకజాక్షి ఆ మాట విన్నది. నన్ను చూడలేదు.

మర్నాడు పొద్దున గోవిందస్వామి మళ్లీ వచ్చాడు. కేసు మూసేయడానికి ఇంటి మనిషి మాట కావాలట. "ఏమ్మా, నీకు ఎవురి మీదన్నా అనుమానముందా? ఉంటే చెప్పు, రాసుకుంటా" అని పంకజాక్షిని అడిగాడు. నేను అక్కడే ఉన్నాను. ఆమె ఒక్క మాట అంటే నేను స్టేషను మెట్లెక్కాలి.

"లేదు. ఎవురి మీదా లేదు" అంది.

ఇంకో మనిషైతే ఆ మాటకు కరిగిపోయి ఉండును. నేనా? ఎందుకట్లా అంది, ఏం లెక్క వేసుకుని అంది అని ఆ రోజంతా ఆలోచించాను. ఇంత చేసిన నన్ను ఊరికే ఎందుకు వదిలేస్తుంది? నేనైతే వదిలేదాన్నా? సమయం చూసి కొడుతుంది, అంతే అనుకున్నాను. కాళ్లు పట్టుకుంటానని అన్న మాట కూడా తీర్చుకోలేదు. ఇరవై దినాలకు పంకజాక్షి తమ్ముణ్ణి చిత్తూరు తీసుకుపోయేటప్పుడు "వస్తాం వదినా" అంది. నేను తల ఊపాను, అంతే.

రెండు నెలలు వెళ్లలేదు. చివరికి మా ఆయనే "నీ తమ్ముడు బతికినాడో లేదో నీకు అక్కర్లేదా?" అని కసిరి బస్సెక్కించాడు. వెళ్లేటప్పటికి తమ్ముడు పెరట్లో కాళ్లు కడుక్కుంటున్నాడు. కొంచెం ఒళ్లు చేశాడు. రోజుకు అయిదు సార్లు కొంచెం కొంచెంగా తింటున్నానని, అప్పటినుంచి నొప్పి మళ్లీ రాలేదని చెప్పాడు. వాణ్ణి చూసి నేను అక్కడే కూలబడి ఏడ్చాను.

మధ్యాహ్నం పంకజాక్షి నాకు ముందుగా విస్తరి వేసింది. అన్నం, పప్పు, వంకాయ కూర. పక్కన నిమ్మకాయ ఊరగాయ. వంచిన తల ఎత్తకుండా వడ్డించింది. నేను అన్నం కలిపాను. ముద్ద చేశాను. చెయ్యి నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

దేవుడా, ఏం చెప్పను! ఆగిపోయింది. నేనైతే ఈ దినం కోసం రెండు నెలలు కాచుకుని ఉందును, ఈ వంకాయ కూరలోనే పెట్టేదాన్ని అన్న ఆలోచన బాణంలా వచ్చి నా చెయ్యి పట్టుకుంది. ముద్దను మళ్లీ విస్తట్లో వదిలేశాను. తల ఎత్తితే పంకజాక్షి నా చెయ్యినే చూస్తోంది. ఆమెకు అర్థమైంది. ఆరేళ్లు నా చూపులు చదివిన మనిషి, ఆమెకు అర్థం కాకుండా ఎట్లా ఉంటుంది?

గరిటె కింద పెట్టి నా ఎదురుగా కూర్చుంది. నా విస్తట్లో నేను వదిలేసిన ఆ ముద్దనే తీసుకుని తన నోట్లో పెట్టుకుంది. తల్లి బిడ్డ ఎంగిలి తింటుంది, ఆలి మొగుడి ఎంగిలి తింటుంది. వదిన ఎంగిలి తినే మరదల్ని నేను ఎక్కడా చూడలేదు. మెల్లగా నమిలి మింగింది.

తమ్ముడు తుండుతో ముఖం తుడుచుకుంటూ అప్పుడే లోపలికి వచ్చాడు. "ఇదేంది, అక్క విస్తట్లో నువ్వు తింటాండావ్?" అన్నాడు నవ్వుతూ.

సిగ్గుతో నా ప్రాణం పోయింది. ఆమె చెబుతుంది, ఇప్పుడు చెబుతుంది, నీ అక్క ఇంకా నన్ను ఇట్లా చూస్తోందని చెబుతుంది అనుకున్నాను. చెప్పినా తప్పులేదు.

"కూరలో ఉప్పు చాలిందా లేదా అని చూసినా" అంది పంకజాక్షి, లేచి నీళ్ల చెంబు నా దగ్గరికి జరుపుతూ. "తినండి వదినా. చల్లారిపోతాది."

నేను ఇంకో ముద్ద చేసి నోట్లో పెట్టుకున్నాను. "ఉప్పు చాలింది" అన్నాను.